బయట పుట్టినది

అవోకో అంటే వాళ్ళ లువో భాషలో
ఆరుబయట పుట్టిన పిల్ల.
ఓమెనా చేపలు ఎండబెడుతూ
వలల మీదే కన్నదట తల్లి.
అందుకేనేమో
ఏ స్టోర్ గడపా తొక్కకుండా వచ్చిన ఆ యాప్‌ని
తొలిరోజే తన మనిషిని చేసుకుంది.

ఫోను అద్దం మూలన చిట్లింది.
లోపల జాగా అగ్గిపెట్టెంత,
అందులో సగం మనవడి చర్చి పాటలు.
"కొత్తది దించాలంటే ఒక పాట చంపాలి.
చంపను" అంది.
ఒచోలా నవ్వి ఒక చిరునామా కొట్టాడు.
పేజీ తెరుచుకుంది,
ముంగిట ఉండమంటావా, అని అడిగింది.
ఉండమంది.
గోరంత చేప బొమ్మ వచ్చి కూర్చుంది.
బరువు ఒక ఫొటో అంత కూడా లేదు.

అదే పేజీ
కిసుములో కొనేవాడి బల్ల మీద
బాసింపట్టు వేసుకుని కూర్చుంటుందట.
ఈమె అరచేతిలో మోకాళ్ళు ముడుచుకుంటుంది.

ఎంబీటా రేవు దాటి అరగంట.
సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే
చెప్పకుండా లేచిపోయే చుట్టాల్లా.
నేను నా ఖరీదైన ఫోను పైకెత్తి
ఆకాశాన్ని బతిమాలుతున్నాను.
తెల్ల తెర. తిరిగే చక్రం.
ఆమె తాపీగా ధరలు చదువుకుంటోంది.
"నిన్నటివి కదా!"
"నిన్నటి ఉగాలి ఉండగా
పస్తు పడుకుంటావా నువ్వు?"

చద్దిమూట.
మా భాషలో ఆ మాట ఉంది,
ఆమె భాషలోకి ఎలా విప్పాలో తెలియలేదు.
పేజీకీ లోకానికీ నడుమ
ఒక కావలివాడు ఉంటాడని ఒచోలా చెప్పాడు.
ప్రతి కబురూ వాడి చేతి మీదుగానే.
లోకం పలికితే సరే,
పలక్కపోతే మూట విప్పుతాడు.
పేజీ మూసేసినా
పిలిస్తే లేచే నిద్ర వాడిది.

నడి సరస్సులో రాసింది:
ఓమెనా, పదకొండు బేసిన్లు.
నొక్కింది.
"పోలేదు. దాచాను. గాలి తగలగానే పంపుతాను."
నేను నమ్మలేదు.
ఆమె ఫోను రొంటిన దోపి
పడవలోని నీళ్ళు తోడటం మొదలెట్టింది.

ఎంఫంగానో కొండ నీలంగా లేచేసరికి
రొంటిన ఏదో గురగురలాడింది.
కబురు వెళ్ళింది, జవాబూ వచ్చింది:
తొమ్మిది చాలు, ధర కూడా తగ్గించు.

ఆ తిట్టు నాకు అర్థం కాలేదు,
పడవంతా నవ్వింది.
కావలివాడు కబురు మోస్తాడు గానీ
బేరం ఆడడు కదా.
బేరం ఆమె ఆడింది,
ఒడ్డున నిలబడి, పది బేసిన్ల దాకా.

రాత్రి
చంపని పాటల్లోంచి ఒకటి పెట్టింది.
పిల్లాడి గొంతు
ఒక చరణం దగ్గర పొలమారింది.
అక్కడే, మళ్ళీ మళ్ళీ,
వెనక్కి జరిపి వింది.