గాలి లెక్క

మే నెలాఖరు, మధ్యాహ్నం రెండున్నర.
గుడిపాల నుంచి చిత్తూరు వస్తుంటే
బండి వెనక చక్రం నడుము వాల్చేసింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఎదురుగా
రేకుల కింద జిలాని షాపు.
తొట్టి నీళ్లలో ట్యూబు ముంచి
బుడగ ఎక్కడ లేస్తుందా అని
నాడి చూసేవాడిలా వంగి ఉన్నాడు.

నా సంచీలో సప్లిమెంటరీ పేపర్లు.
"ఏంది మేడం, అంత ఎర్రగా గీసినారు?"
"గాలి లెక్క," అన్నాను.
"అది నా పని గదా!"

సుద్దముక్క అడిగి తీసుకుని
పాత లారీ టైరు మీదే రాశాను:
ఒక అణువు తూర్పుకి, ఒకటి పడమటికి,
ఒకటి నీ కంప్రెసర్ మూతకేసి.
వేగాలన్నీ దిక్కులతో సహా కూడితే
సున్నా.

ట్యూబును బొటనవేలితో నొక్కి చూశాడు.
"సున్నా అయితే
నా వేలిని ఎదురు నెట్టేదెవరు మేడం?"

పదకొండేళ్లుగా గంటకింతని పాఠం చెబుతున్నాను,
ఏ బెంచీ నుంచీ రాని ప్రశ్న.

అందుకే, కూడే ముందు వర్గం చెయ్యాలి అన్నాను.
ఋణాన్ని ఋణంతో హెచ్చవేస్తే ధనం.
పడమటికి పోయినవాడి పరుగు కూడా
పరుగు కిందే జమ.

"ఈ మాట సొసైటీ బ్యాంకులో చెప్పి చూడండి.
మా నాయన అప్పు మీద అప్పు చేసి పోయినాడు,
నాకింకా ధనం కనపళ్లేదు."
నవ్వాడు. నాకు మార్చి జీతం
ఇంకా రాలేదు.

తొందరపడి లెక్క కట్టేశాను:
ఒకటిన్నర ఇంటూ బోల్ట్జ్‌మన్ స్థిరాంకం
ఇంటూ నలభై రెండు,
ఫోను చూపించిన ఎండ.

"అయితే కాశ్మీరులో?" అన్నాడు.
"జనవరిలో సెల్వరాజన్న బెల్లం లోడేసుకొని పోయినాడు.
ఆడ సున్నా డిగ్రీలంట.
మీ లెక్కన పద్నాలుగు టైర్లూ చప్పబడిపోవాల గదా?
రవ్వంత మెత్తబడినాయంట, అంతే."

సుద్ద నా వేళ్ల మధ్య విరిగింది.
రెండు వందల డెబ్బై మూడు.
కలపడం మరిచాను.
పొద్దున అదే తప్పుకి
నలుగురి మార్కులు కోసినదాన్ని.

కొట్టేసి రాశాను: మూడు వందల పదిహేను.
దశాంశం తర్వాత ఇరవై సున్నాలు దాటాక
ఆరూ, అయిదూ.
ఒక్క అణువు వాటా, జౌళ్లలో.
తేలికది ఉరుకుతుంది, బరువుది నిదానిస్తుంది,
సగటున ముట్టేది మాత్రం ఇద్దరికీ ఒకటే.

"ఇంత చిన్నదా!" అంటూనే
గొట్టం తగిలించాడు.
కంప్రెసర్ దడదడలాడింది.
రోడ్డవతలి తోతాపురి వాసన కూడా
ఆ తొక్కిసలాటలో
నా ట్యూబులోకి దూరింది.

రాత్రి పేపర్లు మళ్లీ తీసి
ఆ నలుగురికీ తలా ఒక మార్కు వేశాను.

వారం తర్వాత చూస్తే ఆ టైరు లేదు.
సెల్వరాజన్నకే అమ్మాడట, స్టెప్నీకి.
నా లెక్క, కొట్టేసిన నలభై రెండుతో సహా,
ఏ ఎండకో ఏ మంచుకో
బిగుస్తూ, మెత్తబడుతూ.