చుక్క కాని చుక్క

మా నాన్న ఎలెయుతేరియో మేకలు కాసేవాడు,
ఎల్కీ లోయకు పైన, గడ్డి కూడా అలిగి వెళ్ళిపోయిన కొండల్లో.
మునిమాపు వేళ ఎదుటి వాలు మీద
రాయీ మేకా ఒకటే రంగు.
"అదే పనిగా చూడకు, ఇస్మేనియా.
రెప్ప మూయి. పది లెక్కపెట్టు. తెరువు.
ఉన్నచోట లేనిదేదో, అది మన మేక."

ఇప్పుడు నాకు జీతం ఇచ్చేది ఆ పనికే.

రాత్రి తొమ్మిదింటికి గుమ్మటం నోరు తెరుస్తుంది.
టెలిస్కోపు తిప్పుతాను. చలికి బిగిసిన గేరు
ఒకసారి మూలిగి, ఇక తప్పదన్నట్టు కదులుతుంది.
ఒకే ఆకాశపు ముక్క, మూడు ఫొటోలు,
ఒక్కోదానికీ మధ్య గంటన్నర ఎడం.
ఆ ఎడంలో వంటాయన బెలార్మీనో
గుమ్మడికాయ సూపు రెండోసారి వేడిచేస్తాడు,
ఉప్పు మాత్రం రెండుసార్లూ మరిచిపోతాడు.
మూడు ఫొటోలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి
తెర మీద రెప్పలార్పినట్టు ఆడిస్తాను.
చుక్కలన్నీ ఎక్కడివక్కడే.
వేలకు వేలు. బుద్ధిమంతులు.

కిందటి ఏప్రిల్, అమావాస్యకు ముందు రాత్రి.
కంప్యూటరు నలభై అనుమానాలు రాసిపెట్టింది.
కాలిపోయిన పిక్సెలు, కాస్మిక్ కిరణం గీరిన గీత,
ఎవరిదో ఉపగ్రహం.
ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను.
ముప్పైఒకటో దాని దగ్గర చెయ్యి ఆగింది.
ఉందా లేదా అన్నంత మసక.
తొమ్మిది గడులు పడమటికి. మళ్ళీ తొమ్మిది.
తొందర లేదు, తడబాటు లేదు.

కాన్సెప్సియోన్ నుంచి వచ్చిన అమారోని లేపాను.
చెంప మీద స్వెటరు అల్లిక అచ్చుపడి ఉంది.
కాగితం వెనక లెక్కవేశాడు, కొట్టేశాడు, మళ్ళీ వేశాడు.
"ఎనభై" అన్నాడు.
సూర్యుడికీ మనకూ ఉన్న దూరానికి ఎనభై రెట్లు.
అక్కడికి సూర్యుడూ ఒక చుక్కే.
అక్కడ నీళ్ళు రాయి చేసే పనంతా చేస్తాయి,
కొండవుతాయి, లోయవుతాయి, పగులుతాయి.
పారడం ఒక్కటే వాటికి ఎవరూ నేర్పలేదు.

"వెనక్కి పోతోంది" అన్నాను తెర మీద వేలుంచి.
"పోవడం లేదు. మనతోపాటే వస్తోంది, కుంటుకుంటూ.
మనమే దాన్ని దాటిపోతున్నాం."

నా సూపు మీద మీగడ కట్టింది.

మర్నాడు మబ్బు. ఆ మర్నాడూ మబ్బే.
తొమ్మిదో రోజున తెరిపి ఇచ్చింది,
అప్పటికి ఆకాశమంతా వెన్నెల సున్నం.
తర్వాత మంచు పడి దారి మూసేశారు.
ఒక్క రాత్రి కొలతతో ఏడువందల ఏళ్ళ దారి గీయలేం.
ఒక తాత్కాలిక నంబరు కూడా రాలేదు దానికి.
నేను మాత్రం కనేలా అని పిలుచుకున్నాను.
కనేలా మా కుంటి మేక, దాల్చినచెక్క రంగుది.
ఒక జూన్ నెలలో మంద దాన్ని దాటి వచ్చేసింది.
నాన్న ఆ చలికాలమంతా దడి తలుపు వెయ్యలేదు.
నక్క వచ్చి రెండు పిల్లల్ని పట్టుకుపోయింది.
అమ్మ తిట్టింది. అయినా వెయ్యలేదు.

ఈ ఏప్రిల్లో మళ్ళీ అటే తిప్పాను.
లెక్క ప్రకారం అది ఉండాల్సిన చోటు
చాచిన చేతికి అరచెయ్యంత.
ఆ అరచేతిలో ఎన్ని వేల చుక్కలో.
అమారో రాలేదు, అతనికి వేరే పని దొరికింది.

నాన్న ఫోన్ చేశాడు, నిద్రపట్టక.
"దొరికిందా నీ మంచుముక్క?"
"ఇంకా మొదటి ఫొటోనే, నాన్నా."
కాసేపు ఊపిరి మాత్రం వినిపించింది.
"గాలెలా ఉంది?"
"ఉత్తరం నుంచి. తేమగా."
"తలుపు మాత్రం వెయ్యకు" అన్నాడు.

గుమ్మటం తెరిచే ఉంది.
ఉత్తరాన, కొండ భుజం దగ్గర, నాలుగు చుక్కలు మాసిపోయాయి.
రెండో ఫొటోకి ఇంకా నలభై నిమిషాలు.
వంటింట్లో బెలార్మీనో గరిటె చప్పుడు.
"ఉప్పు!" అని అరిచాను.
రెప్ప మూశాను.