బి-మూడు

చిత్తూరు కోర్టు మెట్ల మీద మొగిలమ్మ
సంచిలో నాలుగు తోతాపురి కాయలు తెచ్చింది.
ఫీజు కాదంట, సాక్ష్యమంట:
"ఈటిని బండికెత్తే దోవే లేదంటాడు సామీ, ఆ పెద్దమనిషి."

మూడు వేసవుల కిందటే కమిషనర్ని అడిగాను,
చక్రాల గాడి మాసిపోకముందే చూడాలని.
కౌంటరుకు వాయిదా, వాయిదాకు వాయిదా.
ఆలోపు వాన పడింది, వాళ్ల ట్రాక్టరూ తిరిగింది.
కమిషనరు వచ్చాడు,
దుక్కి చూశాడు,
దుక్కి అని రాసుకుని పోయాడు.

చెంగల్రాయులు సారు తిట్టలేదు.
"నేల మాట మార్చిందబ్బయా.
కాగితం ఇంకా మార్చలేదు కదా"
అని పొడుం డబ్బీ మూత తట్టాడు.

ఈ పొద్దు ప్రతివాది తన క్రయపత్రం తీశాడు.
జిరాక్సే, అసలు కాదు.
అభ్యంతరం నాలుక కొసనే ఉంది, సగం లేచాను.
వెనకనుంచి గౌను పట్టి లాగిందొక చెయ్యి.
"కూచో. పడనీ నంబరు."
బి-మూడు అని ముద్ర పడింది.

క్రాసులో సారు అడిగింది ఒకటే:
"చెక్కుబందీ చదవండి. పడమర?"
కళ్లద్దాలు తుడుచుకున్నాడు ప్రతివాది.
మళ్లీ తుడుచుకున్నాడు.
"పడమర... గంగులప్ప తోటకు పొయ్యే బండిదోవ."
టైపిస్టు నింపాదిగా కొట్టింది, ఒక్కో అక్షరం.

"ఇంకేమీ లేవు" అని సారు కూర్చున్నాడు.
రాత్రంతా రాసుకున్న నా పదకొండు ప్రశ్నలు
మడిచి జేబులో పెట్టుకున్నాను.

"గెలిచినామా?" అంది మొగిలమ్మ.
"వాదనలకు పదిహేడో తేదీ" అన్నాను.
"కాయ ఆగదు గదా సామీ"
అని సంచి నా చేతికిచ్చి
బస్టాండు వైపు నడిచింది.