మూడు మీటర్ల తీగ

మెచూకె దీవి బడిలో
ఒకే ఒక తరగతి గది.
కట్టెల పొయ్యి మీద కెటిల్ ఏదో గొణుగుతోంది.
జనరేటర్‌కి డీజిల్ తేవలసిన పడవ
వానకి జడిసి దాల్కావెలోనే ఆగిపోయింది.
ఈ పూటకి గోడలో కరెంటు లేదు,
నా సంచిలో ఉన్నదే ఉంది.

నేను కళ్ళు పరీక్షించేదాన్ని.
నెలకో దీవి.
ఒక లాప్‌టాప్, పలకంత పల్చని రెండో తెర,
కళ్ళజోళ్ళ డబ్బా.
మనిషి ఇటు కుర్చీలో, తెర అటు నల్లబల్ల అంచున,
మధ్య మూడు మీటర్ల నేల.

ముందు చేతికొచ్చిన తీగ గుచ్చాను.
రెండు కొసలా అదే మూతి,
ఎటు తిప్పినా నున్నగా దిగే మూతి.
తెర కళ్ళు తెరిచింది,
బొమ్మ రావడం లేదని ఒక ముక్క చెప్పి
మళ్ళీ మూసుకుంది.
అది ఫోన్‌తో వచ్చిన తీగ.
అన్నం పెడుతుంది, కబురు మోయదు.

సంచి అడుగున పొడుగు తీగ.
ఒక్కదాంట్లోనే బొమ్మా, కూడూ అని
ప్యూర్తో మోంట్ దుకాణంలో కుర్రాడు
ఒట్టేసి మరీ అమ్మాడు.
తెర వెలిగింది.
మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తు.
పళ్ళు ఎటున్నాయో చేత్తో చూపిస్తే చాలు,
అక్షరాలు రానివాళ్ళకీ కళ్ళుంటాయి.

కుర్చీలో బౌదీలియో నహువెల్కిన్.
డెబ్భై మూడేళ్ళు. పడవలు కట్టిన చేతులు,
ఎడమ బొటనవేలికి సగం గోరే.
"కింద," అన్నాడు చెయ్యి దించి.
"కుడి."
"పైన."
"లేదు."
లేదంటే?
"ఆరిపోయింది. ఇదిగో, వచ్చింది. మళ్ళీ పోయింది."

కాగితం మీద నొక్కి రాశాను:
చూపు ఆగి ఆగి వస్తోంది.
పెద్దాసుపత్రికి పంపాలి.
రాస్తుంటేనే నా గొంతు మెత్తబడింది.
చెడ్డ కబురు మోసే గొంతు
ఎప్పుడూ కబురు కంటే ముందే మెత్తబడుతుంది.
ఎన్నాళ్ళనుంచి ఇలా, అని అడిగాను.

ఆయన పొయ్యి వైపు చూశాడు,
నా వైపు చూశాడు,
నేల మీద సాగిన నల్ల తీగ పొడుగునా చూశాడు.
"నువ్వొచ్చి కూర్చున్నప్పట్నుంచి."

అప్పుడు తిరిగాను వెనక్కి,
పొద్దుట్నుంచీ మొదటిసారి.
నా ఒళ్ళో తెర నిలకడగానే వెలుగుతోంది మరి,
బ్యాటరీ అరవై రెండు శాతం.
అవతల దాని తోబుట్టువు
కునికిపాట్లు పడుతోంది,
తల వాల్చి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వాల్చి.

"గొట్టం పొడుగైతే నీళ్ళు అలిసిపోతాయమ్మా.
పడవలో నీరు తోడేటప్పుడు చూస్తుంటాం.
ఇక్కడ ధారే,
ఆ చివరికి చేరేసరికి చెమ్మ."

వెలుగు సగానికి దించాను.
కాస్త కుదుటపడింది గానీ
ఆ మసకలో దువ్వెన పళ్ళు పిల్లికైనా కనిపించవు.
పవర్‌బ్యాంక్ పట్టుకుని నల్లబల్ల దాకా నడిచి
తెర పక్కనున్న రెండో రంధ్రానికి,
ఇందాక పనికిరాదని విసిరిన
ఆ మూగ తీగతోనే కలిపాను.
కబురు దూరం నుంచి, కూడు పక్క నుంచి.
తెర నిటారుగా కూర్చుంది.

"కింద. కుడి. కుడి. పైన. ఎడమ."
చిట్టచివరి వరస,
నేను గుర్తుపెట్టుకున్నాను కాబట్టి చెప్పగలిగేది,
ఆయన చూసి చెప్పాడు.

దూరం బాగుంది. దగ్గరే కష్టం,
మేకు తలకి బదులు వేలు తగులుతోందట.
డబ్బాలోంచి రెండున్నర తీసి పెట్టాను.
ఆయన మేకులు అడగలేదు, పేపరు అడగలేదు.
బొటనవేలు ముక్కు దాకా తెచ్చుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది ఇంత వంకరగా మొలిచిందా!"
నవ్వుతూనే వెళ్ళాడు వానలోకి,
జోడు తడవకుండా టోపీ ముందుకి లాక్కుని.

రాసింది కొట్టేశాను.
కుర్చీ పక్కకి జరిపాను, రెండు తెరలూ నాకు కనపడేలా.
తర్వాత ఎర్సీలియా కార్కామో,
తీగ దాటేటప్పుడు చూసుకోండి, అన్నాను.
కొత్త కాగితం తీశాను.
పేరు కూడా ఇంకా రాయని ఆ తెల్ల కాగితం మీద
పై కాగితం నుంచి దిగిన గాడి,
వేలితో తడిమితే తెలుస్తోంది:
చూపు ఆగి ఆగి వస్తోంది.