పదసూచికలో నలుగురు సిలానస్‌లు

చిక్కడపల్లి సందులో మేడమీది ప్రెస్సు.
రోము చరిత్ర పుస్తకానికి పదసూచిక కడుతున్నాను,
పేజీకి ఆరు రూపాయలు, టీ ప్రెస్సువాళ్లదే.

'సి' దగ్గర ఖలీల్ మౌసు వదిలి ఇటు తిరిగాడు.
"అన్నా, సిలానస్ సిలానస్ అని ఊకె వస్తుండు.
ఒక్కడే అనుకొని పేజీలన్నీ కలిపేసిన."

ఒక్కడు కాదు ఖలీల్, నలుగురు.
ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు పెద్దాయన కొడుకు.
విడదియ్యాలి.

లూసియస్: చక్రవర్తి కూతురితో నిశ్చయమైన సంబంధం,
నింద వేసి చెడగొట్టారు.
ముసలి మామ కాబోయినవాడు మళ్లీ పెళ్లికొడుకైన రోజే
ఇతను ప్రాణం తీసుకున్నాడు.

మార్కస్: ఎవరి జోలికీ పోనివాడు.
'బంగారు గొర్రె' అని ఒక చక్రవర్తి నవ్వాడు,
నవ్వి వదిలేశాడు.
తర్వాత పట్టం మారింది. విందులో విషం,
అదీ దాపరికం లేకుండా.

డెసిమస్: ఇంటి పనివాళ్లకి
ఉత్తరాల గుమాస్తా, పద్దుల గుమాస్తా అని హోదాలు పెట్టుకున్నాడట.
సింహాసనానికి రిహార్సల్ అన్నారు.
తీర్పు దాకా ఆగలేదు, నరాలు కోసుకున్నాడు.

మళ్లీ ఒక లూసియస్, కుర్రాడు.
సముద్రం ఒడ్డున ఊళ్లో బందీ.
నువ్వే కోసుకో, మర్యాదగా ఉంటుంది అన్నారు సైనికులు.
ఒప్పుకోలేదు.
ఉత్త చేతులతో కొట్లాడాడు. గాయాలన్నీ ముందువైపే.
పేజీ 212.

తల్లివైపు ఎక్కడో మొదటి చక్రవర్తి రక్తం,
అంతే వీళ్ల నేరం.
ఆ ఇంటిపేరు చెవిన పడితే
రాజు ఇంట్లో దీపం ఆర్పేవాళ్లు కాదు.

నాకు నవ్వొచ్చింది, ఎందుకో చెప్పాలి.

పోయిన ఆదివారం విద్యానగర్‌లో టులెట్ బోర్డు.
ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది.
ఎనిమిది వేలు, మంజీర రోజు విడిచి రోజు,
బండి పెట్టుకోవచ్చు, మేకు కొట్టకూడదు.
అన్నీ కుదిరాయి.
"ఇంటిపేరేంటి బాబూ?"
చెప్పాను.
చింతపండు గిన్నె మీద మూత పెట్టింది.
"మా మరిది వస్తానన్నాడు, మర్చేపోయాను చూడు."

మంగళవారం బస్సులోంచి చూశాను,
మరిది రాలేదు, బోర్డు అక్కడే ఊగుతోంది.

నల్లకుంటలో సగం మింగి చెప్పాను,
రెండో సగం వాళ్లే పూరించారు.
పద్మారావునగర్‌లో
సిలానస్ అని చెప్పేద్దామనిపించింది.
ఆయన కళ్లజోడు పైకి తోసి
"కన్వర్టెడా?" అనేవాడు, నాకు తెలుసు.

ఇదంతా ఖలీల్‌కి చెప్పాను.
వాడు చాయ్‌లో బిస్కెట్ ముంచాడు, తియ్యడం ఆలస్యమైంది,
విరిగి అడుక్కి పోయింది.
"నిన్ను ఇంటిపేరు దాకా రానిస్తుండ్రు గదన్నా,
మాకు పేరు కాడనే తలుపేస్తరు."

కాసేపు ఫ్యాన్ చప్పుడే.

తర్వాత కలిపినవన్నీ విప్పాడు.
ఇంటిపేరు ముందు, పేరు వెనక, మనలాగే:
సిలానస్, డెసిమస్.
సిలానస్, మార్కస్.
సిలానస్, లూసియస్, పెళ్లిరోజువాడు.
"ఇట్ల రాయొచ్చానె?" "రాయకూడదు, తీసెయ్."
సిలానస్, లూసియస్, చిన్నవాడు, 212.

"గీ పోరని పేజీకి బోల్డ్ పెట్టనా?"
బొమ్మ ఉన్న పేజీలకే బోల్డ్, అదీ రూలు,
212లో బొమ్మేం లేదు అన్నాను.

"పెట్టేసిన" అన్నాడు.
ప్రూఫులో నేను దిద్దలేదు.