జొన్న నడక

జూలై నెల. బల్లారాట్‌లో గడ్డి మీద మంచు
దంచిన రాతిఉప్పులా పరుచుకుంది.
గూడు తలుపు తీస్తే ఐదు కోళ్ళు బయటికొచ్చాయి.
ఆరోది రాలేదు.

పది వారాల పిల్ల.
ఒంటినిండా జొన్నగింజల్లాంటి చుక్కలు,
అందుకే జొన్న అని పేరు.
మూలన రంపపు పొట్టు మీద కూలబడి
ఒక కాలు ముందుకీ, ఒక కాలు పక్కకీ చాపి
నావైపు చూసింది,
తప్పు తనదే అన్నట్టు.

దూకినప్పుడు మెలిపడిందో, ఒంట్లో ఏం తక్కువైందో,
పేరెత్తడానికి భయపడే ఆ జబ్బో.
కంచె మీంచి తొంగిచూసింది మొయిరా,
నలభై ఏళ్ళు కోళ్ళు పెంచిన మనిషి.
"మూడు రోజులు చూడు. తర్వాత నన్ను పిలువు."
ఆ పిలుపులో గొడ్డలి ఉంది.
కోడి పాతిక డాలర్లు, డాక్టరు చెయ్యి వేస్తే తొంభై,
లెక్క చూసుకో అన్నాడు ముకుందం.
తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి.
నేను పట్టిన కోడికి ఒకటిన్నర.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి.
కోడికాలు నాకు కొత్త కాదు.
తొడ ఎక్కడ విడుతుందో, కీలు సందున
కత్తి ఎంత వాలుగా దిగాలో
కళ్ళు మూసుకుని చెప్పగలను.
ఇరవయ్యేళ్ళ ఆదివారాలు నేర్పిన విద్య.
అవే వేళ్ళతో ఇప్పుడు ఈకల కింద తడిమితే
అదే కీలు,
వెచ్చగా, లోపల చిన్నగా కొట్టుకుంటూ.
ఎక్కడ కొయ్యాలో తెలిసిన చేతికి
ఎక్కడ కట్టాలో తెలియలేదు.

బట్టలుతికే గదిలో చోటిచ్చాను.
పాత దిండు గలీబుకి రెండు చిల్లులు పెట్టి
కాళ్ళు కిందికి దించి
బుట్ట అంచులకి క్లిప్పులతో ఊయలలా తగిలించాను.
ముడుచుకున్న వేళ్ళని ఒక్కొక్కటే విప్పి
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా అట్టముక్క మీద పరిచి అతికించాను.
మొదటిసారి చెప్పులు తొడిగిన పసిదానిలా
అది ఆ పాదాన్ని ఎత్తి వింతగా చూసుకుంది.
ఈస్టు పొడి, విటమిన్ చుక్కలు,
ఉడికించిన పచ్చసొన.
కోడికి గుడ్డు పెట్టడమేమిటని
గుమ్మంలో నిలబడి నవ్వాడు ముకుందం.
జొన్నకి అలాంటి పట్టింపు లేదు.
నా వేలికొసని కూడా కలిపి పొడిచింది.

తన కోడీ కుంపటీ లేకపోతే
ఊరికి తెల్లారదనుకుందట వెనకటికొక ముసలమ్మ.
చిన్నప్పుడు నవ్వుకునేదాన్ని.
నాలుగింటికి లేచి, చెంచాతో నీళ్ళు పట్టి,
ఎర్రటి హీటరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.
నాకూ కోడి ఉంది, కుంపటి ఉంది,
ఏడైనా ఈ ఊరికి తెల్లారదు.

మూడో రోజు మొయిరాని పిలవలేదు.
నాలుగో రోజు తనే వచ్చింది.
చేతిలో గొడ్డలి లేదు,
కోటు జేబులో చుట్టిపెట్టిన రబ్బరు చాప ముక్క.
"కాగితాల మీద జారుతుంది, పిచ్చిదానా,"
అంటూ మోకాళ్ళ మీద కూర్చుని పరిచింది.
లేవడానికి నా భుజం కావలసివచ్చింది.

పదకొండో రోజు గలీబులోంచి తీసి నిలబెట్టాను.
ఊగింది. రెక్క ఆనించుకుంది.
తర్వాత నడిచింది,
వెనక్కి.
నాలుగడుగులు, వాషింగ్ మెషిన్ తగిలేదాకా.
తగిలాక తిరిగి దాన్నొక పోటు పొడిచి
అక్కడే కూర్చుంది,
టికెట్టు కొన్న ఊరు అదే అన్నట్టు.

కంచె పక్కన వాటిల్ చెట్టు పసుపు రాల్చే వేళకి
మిగతా ఐదింటితో కలిపాను.
గింజలు చల్లితే అవి ఉరుకుతాయి.
జొన్న ఒక పక్కకి ఒరిగి
అడుగుకొకసారి ఆలోచించుకుంటూ వస్తుంది.
రెండో గుప్పెడు అందాకా పిడికిట్లోనే ఉంటుంది.

ఆదివారం సంగతా?
కూర మానలేదు. అబద్ధం ఎందుకు?
కాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం
కత్తి ముకుందం చేతికిస్తున్నాను.
కీలు ఎక్కడో దొరకడంలేదంటాడు.
నేను చెప్పను.