పసుపు క్యారెట్

మర్గిలాన్‌లో తెల్లవారుజామున మూడింటికి
నలభై కిలోల క్యారెట్లు, నలుగురు మనుషులు, ఒకే బల్బు.
ఉస్తా సోబిత్‌జాన్ ఇనప కజాన్ కింద
పత్తికట్టె ముట్టిస్తున్నాడు.
కత్తి నాది. మా నాన్న వదిలిన ఆస్తి అదొక్కటే.

ఇక్కడి క్యారెట్ పసుపు.
మొదలు లావు, మొన సన్నం.
"శంకువు" అంది జుల్హుమోర్ టీచర్
ఎనిమిదో తరగతిలో, చేతిసంచీలోంచి ఒకటి తీసి.
మట్టి ఇంకా అంటుకునే ఉంది.
మేం నవ్వాం. ఆవిడా నవ్వింది.
తర్వాత కోటు జేబులోంచి చాకు తీసింది.
అప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అడ్డంగా కోస్తే వృత్తం.
కాస్త వాలిస్తే సాగిన వృత్తం.
కోడిగుడ్డు కాదురా, దీర్ఘవృత్తం,
చూడు, రెండు కొసలూ ఒక్కలాగే ఉన్నాయి.
పక్క అంచుకు సమాంతరంగా కోసినప్పుడు
ఆ ముక్కను కిటికీ వెలుగుకేసి పట్టుకుని
చాలాసేపు చూసింది.
"ఇది మూసుకోదు.
క్యారెట్ అయిపోయింది కాబట్టి ఆగింది గానీ
గీత ఆగలేదు."
ముక్క నా చేతికిచ్చింది.
తినేశాను.
ఆ ఏడు జామెట్రీలో నాకు ఐదుకి రెండు.

బోర్డు మీద వృత్తానికి ఆవిడకో మేకు, తాడు, సుద్దముక్క.
ఎడమచేతి వాటం.
బయల్దేరిన చోటికి తిరిగొచ్చేసరికి
సుద్ద అరిగేది, తాడు సాగేది,
ప్రతిసారీ వెంట్రుకవాసి తేడా.
"లెక్కలో కలుస్తుంది" అనేది చేతులు దులుపుకుంటూ,
"బోర్డు మీదే కలవదు."

ఇక ఉల్లిపాయలు.
గోళాన్ని ఎటు కోసినా వృత్తమే.
నిలువుగా కోయి, ఏటవాలుగా కోయి, కోపంగా కోయి.
ఇది పుస్తకంలో చదివింది కాదు,
ఇరవై రెండేళ్లుగా వేళ్లతో చదువుతున్నది.
నడిమధ్యనుంచి పోతే అన్నిటికన్నా పెద్దది.
కేంద్రం నుంచి జరిగేకొద్దీ చిన్నది,
చొక్కా గుండీ అంత,
శనగగింజంత,
చిట్టచివర కత్తి తాకీ తాకని చోట
ఒక బిందువు.
ఆ తర్వాత కత్తి ఉంటుంది.

కళ్లు మండుతున్నాయి.
ఉల్లిపాయలు కోసేవాణ్ని ఎందుకని ఎవరూ అడగరు.

"ఏంట్రా ఆ కోత?" సోబిత్‌జాన్ కేక.
"ఓష్‌కి క్యారెట్ అగ్గిపుల్లల్లా ఉండాలని
నీకిప్పుడు చెప్పాలా?"
చూసుకుంటే పలక మీద నాలుగు గుండ్రాలు, మూడు వాలు ముక్కలు,
ఒకటి మూసుకోనిది.
ఇవాళ్టి ఓష్ ఎవరి ఇరవయ్యో రోజుదో గుర్తొచ్చినట్టుంది.
ఇంకేం అనకుండా
అరచేత్తో అన్నిటినీ నూనెలోకి తోసేశాడు.

సూర్యుడొచ్చాక మగాళ్లంతా బారులుగా కూర్చున్నారు,
గుండ్రటి లగాన్ చుట్టూ నలుగురేసి.
ఆవిడ చిన్న కొడుకు ఉల్మాస్, బస్సు డ్రైవరు,
అన్నంలోంచి ఏదో పైకి లాగాడు.
ఉడికి మెత్తబడింది, ఒక చివర విరిగింది.
వెలుగుకేసి పట్టుకున్నాడు.
పక్కవాడు టీ పోసి, చేతిలో పెట్టబోయి, ఆగాడు.

తర్వాత తినేశాడు.